తప్పులు చెప్పుకునే గురువారాలు

మా షెఫీల్డ్‌లో తెలుగువాళ్ళ భోజనాలు ఎక్కడ జరిగినా, "ఆంటీ, టీచింగ్‌లోకి వెళ్దామనుకుంటున్నాను, ఎలా ఉంటుంది?" అని నన్ను అడిగే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరూ మాస్టర్స్ చదవడానికి వచ్చినవాళ్ళే. అనుకున్న ఉద్యోగం దొరక్క ఇటు చూస్తున్నవాళ్ళు కొందరు, నిజంగానే పాఠం చెప్పడం ఇష్టమైనవాళ్ళు కొందరు. నా చేతిలో ప్లేటు ఉంటుంది, వెనక మైకులో పాట మోగుతుంటుంది, మావారు దూరం నుంచి ఇక బయల్దేరదామా అని సైగలు చేస్తుంటారు. ఆ హడావిడిలో ఏం చెప్తాం? "బాగుంటుందమ్మా, సెలవులెక్కువ" అని తప్పించుకుంటాను. ఇంటికొచ్చాక మనసు పీకుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

జీతాలు, ప్రమోషన్లు, వీసా ఫారాలు ఇందులో ఉండవు. అవి చెప్పడానికి వేరేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను ఇక్కడి ప్రభుత్వ సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకోగలిగిన పని ఒక్కటే ఉంది. ఆ పనే నమ్ముకున్న ఒక అమ్మాయి దానివల్లే దెబ్బతింది. ఒకటి చెప్పి రెండోది దాస్తే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను.

పులుసు రుచి

టీచర్ ట్రైనింగ్‌లో యాక్షన్ రిసెర్చ్ అని ఒక పేపరు పెడతారు, చెప్పిన పాఠం ఎలా సాగిందో మనమే తిరిగి చూసుకుని రాసే రిఫ్లెక్షన్ అని ఇంకొకటి. గుండ్రంగా బాణాలు గీసి ఇది చక్రం అంటారు. ఆ బాణాలు చూసి బెదిరిపోకండి. పులుసు పొయ్యి మీద మరుగుతుండగానే గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని రుచి చూస్తామా లేదా? ఉప్పు తగ్గితే వేస్తాం, మళ్ళీ చూస్తాం. యాక్షన్ రిసెర్చ్ అంటే అంతే. మన క్లాసులో మనకే అర్థంకాని ఒక సంగతి పట్టుకోవడం, ఒక చిన్న మార్పు చేయడం, ఏమైందో కళ్ళు తెరుచుకుని చూడటం, మళ్ళీ మార్చడం. పరీక్ష ఫలితాలున్నాయే, అవి చుట్టాలు తిని వెళ్ళిపోయాక తెలిసే రుచి. అప్పుడు తెలిసి ఎవరికి లాభం?

ఇది నాకు నేర్పింది మా హెడ్‌టీచర్ జేన్. యార్క్‌షైర్ గని కార్మికుడి కూతురు. మాట కరుకు, మనసు వెన్న అని రాస్తే ఆవిడ ఒప్పుకోదు. మనసు కూడా కొంచెం కరుకే.

నేను చేరిన కొత్తలో నా క్లాసంటే నాకు మహా గర్వం. పిల్లల నోటు పుస్తకాలు ముచ్చటగా ఉండేవి. అందులో కెల్లీ అనే పిల్ల పుస్తకమైతే తల్లిదండ్రుల మీటింగులో అందరికీ చూపించేదాన్ని. ఒకరోజు జేన్ వచ్చి, ఈ పీరియడ్ తను చెప్తానంది, నన్ను వెళ్ళి వెనక కూర్చోమంది. క్లాసు మొత్తాన్ని చూడొద్దు, ఒక్క పిల్లనే చూడు, గంట మోగేదాకా కళ్ళు తిప్పకు అంది. చూడటానికి హాయిగా ఉంటుందని నేను కెల్లీని ఎంచుకున్నాను.

గంట మోగేదాకా చూశాను. కెల్లీ ఒక్క లెక్క చేయలేదు. పెన్సిలు చెక్కుకుంది, తేదీ కింద రూలరు పెట్టి గీత గీసింది, ప్రశ్న అందంగా రాసుకుంది, బోర్డు మీద జవాబు పడేదాకా ఓపిగ్గా ఆగింది, అది ఎత్తి రాసుకుని పక్కన టిక్కు పెట్టుకుంది. అల్లరి చేసే పిల్లైతే ఎప్పుడో దొరికేది. బుద్ధిమంతురాలు కాబట్టి రెండేళ్ళు దొరకలేదు.

జేన్ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఏం చూశావు అని అడిగింది, చెప్పాను. రేపు ఏం మార్చి చూస్తావు అని అడిగింది. ఈ రెండు ప్రశ్నలే మొత్తం చదువు. మిగిలిందంతా బాణాలు.

నేను బోర్డు మీద జవాబులు రాయడం మానేశాను. కెల్లీ కొన్నాళ్ళు నన్ను సవతి తల్లిని చూసినట్టు చూసింది. పుస్తకంలో టిక్కులు పోయాయి, కొట్టివేతలు వచ్చాయి. ఆ తర్వాత ఒకరోజు నా టేబుల్ దగ్గరకొచ్చి, కింది అంకెలు వేరువేరుగా ఉంటే భిన్నాలు ఎలా కూడాలి మిస్ అని గుసగుసగా అడిగింది. చిన్న క్లాసులో అడగాల్సిన ప్రశ్నను గడ్డం మొలిచే మగపిల్లల మధ్యనుంచి లేచొచ్చి అడగడానికి ఆ పిల్లకు ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

కెటిల్ ఉన్న గది

ఆ తర్వాత జేన్ గురువారాలు మొదలుపెట్టింది. స్కూలు వదిలాక వంట నేర్పే గదిలో కూర్చునేవాళ్ళం, అక్కడ కెటిల్ ఉంటుంది కాబట్టి. రమ్మని ఎవరినీ బలవంతం చేసేది కాదు. పద్ధతి మాత్రం గట్టిగా ఉండేది. బాగా జరిగిన పాఠం గురించి ఇక్కడ చెప్పకూడదు, అది ఇంటికెళ్ళి మీ ఆయనకో ఆవిడకో చెప్పుకోండి అనేది. ఇక్కడికి తేవలసింది కుదరని పాఠం. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలే వేయాలి. ఏ మాటా గది దాటకూడదు.

మొదట్లో ఎవరూ పెదవి విప్పలేదు. టీచర్లంటే ఇతరుల తప్పులు దిద్ది జీతం తీసుకునేవాళ్ళం, మన తప్పు మన నోటితో చెప్పడమంటే ప్రాణం మీదికొస్తుంది. మంచు కరిగింది టెర్రీ వల్ల. టెర్రీ హిస్టరీ చెప్పేవాడు, ఆరడుగుల మనిషి, కారిడార్‌లో గొంతెత్తితే పిల్లలు గోడకు అతుక్కుపోయేవారు. గురువారాలకు బిస్కెట్ల కోసం వస్తున్నానని చెప్పుకునేవాడు. ఒక గురువారం కప్పు కిందపెట్టి, తనకు శుక్రవారం చివరి పీరియడ్ అంటే భయమని, గురువారం రాత్రి నిద్రే పట్టదని, అరవడం అందుకేనని చెప్పాడు. ఒకావిడ, "ఎవరంటే భయం, టెర్రీ?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో మా స్కూలు మారడం మొదలైందని నేను నమ్ముతాను.

ఈ సంగతి మావారికి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. ఆయన ఇక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరుగా చేసి రిటైరయ్యారు. పేషెంటు చనిపోతే వాళ్ళ డిపార్ట్‌మెంటంతా కూర్చుని ఎక్కడ పొరపాటు జరిగిందో మాట్లాడుకుంటారట, వేలెత్తి చూపడం ఉండకూడదట. "పద్ధతి మంచిదే విజయా, కానీ పైన కూర్చున్నవాడు మంచివాడైనంత కాలమే" అన్నారు. ఆయనకు ప్రతిదాన్లో రోగమే కనపడుతుందని వేళాకోళం చేశాను.

హరిత

హరిత మా స్కూల్‌కి ఫిజిక్స్ చెప్పడానికి వచ్చింది. హనుమకొండ అమ్మాయి. ఇక్కడే మాస్టర్స్ చేసి, టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, మా స్కూలు స్పాన్సర్‌షిప్ మీద ఉద్యోగంలో చేరింది. అంటే ఉద్యోగం ఉంటేనే వీసా, వీసా ఉంటేనే దేశం. ఇది మీలో చాలామందికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

స్టాఫ్‌రూమ్‌లో నన్ను మిసెస్ అంటూ మర్యాదగా పిలవడానికి పాపం చాలా కష్టపడేది. నాలుగో రోజే నోరు జారి అందరి ముందూ ఆంటీ అనేసింది. టెర్రీ అది పట్టుకున్నాడు. ఆ వారం తిరిగేసరికి స్కూల్లో పొడుగూ పొట్టీ అందరికీ నేను ఆంటీనే. కొత్తలో కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

హరిత ఇంటర్ చదువు ఊళ్ళో కార్పొరేట్ కాలేజీలో జరిగిందట. అక్కడ పిల్లలు నోరు తెరవడమే నేరం. అలాంటిచోట పెరిగిన పిల్ల, తన క్లాసులో వెనక వరస ఆడపిల్లలు ఒక్క మాటా మాట్లాడటం లేదని బాధపడుతూ గురువారానికి వచ్చింది. తప్పు పిల్లల్లో ఉందో తనలో ఉందో తెలియడం లేదంది. సలహా ఇవ్వడానికి నా నాలుక దురద పెట్టింది, పద్ధతి కాబట్టి ఆపుకున్నాను. వాళ్ళనే అడిగి చూశావా అన్నారెవరో.

అడిగింది. పేర్లు లేకుండా చీటీల మీద రాయమంది, నేను ప్రశ్న వేసినప్పుడు ఏం జరుగుతుంది అని. మరుసటి గురువారం వచ్చి కూర్చుని నవ్వుతుంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో నాతో అంది, "నేనే ప్రశ్న అడిగి నేనే జవాబు చెప్తున్ననట ఆంటీ. క్లాసంత అదే రాసిన్రు. ఇన్నొద్దులు నాతోని నేనే మాట్లాడుకున్న."

అప్పటినుంచి ప్రశ్న వేసి ఆగడం మొదలుపెట్టింది. చేతులెత్తినవాళ్ళను అడగకుండా, పక్కపక్క పిల్లలను ముందు ఒకరితో ఒకరిని మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత చెప్పమనేది. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత నరకం. మాట్లాడుకోమంటే పిల్లలు పాఠమే మాట్లాడుకుంటారా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. కిటికీ పక్క మగపిల్లలు ఆమె మాట తీరును వెక్కిరించారు. పాఠాలు వెనకబడ్డాయి. చలికాలం పరీక్షలో ఆ క్లాసు మార్కులు పడిపోయాయి. ఒకరోజు గోల భరించలేక తలుపు తీసుకుని కారిడార్‌లోకి వచ్చి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిందట. ఇదంతా గురువారం గదిలో పూసగుచ్చినట్టు చెప్పింది. మానేయమని ఎవరూ అనలేదు. తనూ మానతానని అనలేదు. కిందికి పోయినంకనే పైకొస్తది అనేది.

వచ్చింది కూడా. వెనక వరసలో కైరా అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నేనూ ఎరగను, మూడేళ్ళు లెక్కలు చెప్పి. వసంతకాలంలో ఒకరోజు హరిత కరెంటు సర్క్యూట్ల పాఠం చెబుతుంటే కైరా చెయ్యెత్తకుండానే అడిగిందట: బల్బు కరెంటును వాడేసుకుంటుంటే, బల్బు దాటాక కూడా మీటరు అంతే ఎందుకు చూపిస్తోంది అని. సైన్సు చదివినవాళ్ళకు తెలుస్తుంది, ఆ పాఠం ప్రాణమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వెనకటి హరిత అయితే ఆనందంతో టకటకా జవాబు చెప్పేసేది. ఈ హరిత నోరు మూసుకుంది. క్లాసు రెండుగా చీలిపోయి గంట మోగేదాకా వాదించుకుందట. వెక్కిరించిన మగపిల్లవాడు బల్బు కరెంటును తినేస్తుందని బల్లగుద్ది, కైరా చేతిలో ఓడిపోయాడట.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. ఊరికే నవ్వింది కాసేపు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అంత సంతోషపడ్డ సాయంత్రాలు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు.

కొత్త హెడ్

కైరా నోరు విప్పేనాటికి జేన్ రిటైరై కొన్ని నెలలైంది. మా స్కూలు కొన్ని స్కూళ్ళు కలిసిన ఒక ట్రస్టు కిందికి వెళ్ళింది, కొత్త హెడ్ వచ్చాడు. దుర్మార్గుడని రాస్తే నాకు సుఖంగా ఉండేది, కానీ అది నిజం కాదు. మర్యాదస్తుడు, వయసులో చిన్నవాడు, పొద్దున్నే వర్షంలో గేటు దగ్గర నిలబడి ప్రతి పిల్లనూ పేరుపెట్టి పలకరించేవాడు. గురువారాల గురించి విని ముచ్చటపడ్డాడు. ట్రస్టులోని స్కూళ్ళన్నిట్లో ఇలాంటిది పెట్టాలని ఉంది, నేను వచ్చి కూర్చోవచ్చా అని అడిగాడు.

నాకు వద్దనిపించింది. అదే చెప్పాను. హెడ్‌గా జేన్ ఉన్నప్పుడు కూడా ఆవిడ మొదట కెల్లీ లాంటి తన కథలు నాలుగు చెప్పి, తర్వాతే మమ్మల్ని అడిగేది. ఈయన వినడానికి వస్తున్నాడు. మనిషి ఉద్యోగం చేతిలో ఉన్నవాడు ఉత్తినే వింటానంటే నేను నమ్మను. టెర్రీ కూడా నావైపే. కానీ గురువారం గదిలో నిర్ణయాలు అందరం కలిసి తీసుకునేవాళ్ళం. ఆ రోజు మాట్లాడి అందరి మనసూ మార్చింది హరితే. సిగ్గుపడుతూ, ఇంగ్లీషులోనే చెప్పింది. తర్వాత నాతో తెలుగులో మళ్ళీ అంది.

"తప్పయినా పర్వలేదు చెప్పుండ్రి అని పిల్లలను రోజూ అడుగుతున్నం. మనమేమో పెద్దసారు ముందల దాసుకుంటమా? గదెట్ల ఆంటీ?"

ఆయన్ని రమ్మన్నాం. మేం చేసిన పొరపాటు ఇక్కడుంది, ఈ పని నమ్మినవాళ్ళు మాత్రమే చేయగలిగిన పొరపాటు. తప్పు చెప్పుకుంటే మనిషి ఎదుగుతాడని పిల్లల విషయంలో కళ్ళారా చూశాం. చూసీ చూసీ, ఆ సూత్రం క్లాసు బయట కూడా పనిచేస్తుందనుకున్నాం.

ఆయన వచ్చాడు. మంచి బిస్కెట్లు తెచ్చాడు. ఒక్క ముక్క రాసుకోలేదు, అడ్డం పడలేదు, తల ఊపుతూ విన్నాడు. హరిత చలికాలం నుంచి జరిగింది మొత్తం చెప్పింది. మార్కులు పడిపోవడం చెప్పింది, క్లాసు చేయిదాటిపోయిందనిపించిన రోజు చెప్పింది, కారిడార్ చెప్పింది, చివర కైరా ప్రశ్న చెప్పింది. చాలా బాగా మాట్లాడారని ఆయన మెచ్చుకున్నాడు. హరిత ముఖం వెలిగిపోయింది. నేనే అనవసరంగా అనుమానపడ్డానేమో అనుకుంటూ ఇంటికెళ్ళాను.

మీరే అన్నారు కదా

ఎండాకాలం వచ్చేసరికి ట్రస్టులో ఇంకో స్కూలు సైన్సు క్లాసులు తగ్గించుకుంది. అక్కడి ఫిజిక్స్ టీచర్ని మా స్కూల్‌కి పంపాలన్నారు. ఈ దేశంలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళు దొరకరని పేపర్లన్నీ గోల పెడుతుంటాయి, మా దగ్గర మాత్రం ఆ ఏడాది ఒకరు ఎక్కువయ్యారు. హరిత ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పాత టీచర్ని తీసేయడం కష్టం, కొత్తమ్మాయిని పొడిగించకపోవడం సులువు. కాకపోతే ఏదో ఒక కారణం చూపించాలి.

ఆ మీటింగ్‌కి తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు, హరిత నన్ను రమ్మంది. ఆయన గొంతు పెంచలేదు. నిజంగానే బాధపడుతున్నట్టు కనిపించాడు, బహుశా బాధపడ్డాడు కూడా. చలికాలం మార్కులు ముందు పెట్టాడు. ఆ మార్కులు ఎందుకు పడ్డాయో, ఆ తర్వాత క్లాసు ఎలా మారిందో హరిత వివరించబోయింది.

"క్లాసు మీ చేయిదాటిపోయిందని మీరే అన్నారు కదా, హరితా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట చెప్పింది జబ్బు చెప్పుకోవడానికి, జబ్బు తగ్గింది కూడా, వచ్చి ఇప్పటి క్లాసు చూడండి అన్నాను. పిల్లలు ఇప్పుడు బాగా మాట్లాడుతున్నారంటే సంతోషమే, కానీ అది మార్కుల్లో ఇంకా కనపడలేదు, నేను కనపడేదాన్నిబట్టే నడుచుకోవాలి అన్నాడు. ఆ గదిలో చెప్పిన మాటలు గది దాటకూడదని మా ఒప్పందం అన్నాను. నేనూ ఆ గదిలోనే ఉన్నాను కదండీ అన్నాడు. అన్నీ నిజాలే.

ఉద్యోగం పోయాక వీసా మీద మిగిలేది కొన్ని వారాలు. మే, జూన్ దాటితే స్కూళ్ళలో తీసుకునేవాళ్ళుండరు. ఆ వారాల్లో నాకు తెలిసిన ప్రతి హెడ్‌కీ ఫోన్ చేశాను, జేన్ చేసింది, టెర్రీ చేశాడు. స్పాన్సర్‌షిప్ అనగానే ఫోన్ అవతల చల్లబడిపోయేవారు. ఆఖరికి హరిత ఫ్లాట్ ఖాళీ చేసి సామానులో సగం మా గరాజ్‌లో పెట్టింది. మాంచెస్టర్ ఎయిర్‌పోర్ట్‌కి మావారూ నేనూ దింపాం. దారి పొడుగునా ఆ పిల్ల ఆ క్లాసు గురించే మాట్లాడింది, వచ్చే టీచర్ కైరాను ముందు వరసలోకి మారుస్తారేమో, మార్చొద్దని చెప్పమంది. ఆ అమ్మాయి ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు మావారు, యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా అన్నారు. నేను కారు ఆపమని, రోడ్డు పక్కన దిగి ఏడ్చాను.

అంతా బాగుంది

సెప్టెంబరులో గురువారాలు మళ్ళీ మొదలయ్యాయి. హెడ్ పని ఎక్కువై రావడం మానేశాడు. మేం పాతవాళ్ళమే మిగిలాం. కెటిల్ పెట్టి, ఎవరు మొదలుపెడతారు అని అడిగాను. ఇంగ్లీష్ టీచర్ తన పాఠం చక్కగా సాగిందంది. పక్కావిడ క్లాసులో పిల్లలు చాలా శ్రద్ధగా ఉన్నారట. టెర్రీ వైపు చూశాను. మొదట భయం చెప్పుకున్న మనిషి, ఆ రోజు బిస్కెట్ కూడా ముట్టుకోలేదు. "అంతా బాగుంది, ఆంటీ" అన్నాడు. నా వైపు చూడలేదు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. మరో రెండు వారాలు చూసి గది తాళం ఆఫీసులో ఇచ్చేశాను.

హరిత చెప్పిన క్లాసు తర్వాత పెద్ద పరీక్షల్లో ఫిజిక్స్ బాగా రాసింది. కైరా పై చదువుకి ఫిజిక్సే తీసుకుంది. ఇదంతా హరిత చలవే అని నేను రుజువు చేయలేను. మధ్యలో ఇంకో టీచర్ ఉన్నాడు, అతనూ కష్టపడ్డాడు. మన వృత్తిలో విత్తినవాళ్ళెవరో కోసినవాళ్ళెవరో తేలదు. స్కూలు ఫలితాలు మెరుగుపడ్డాయని హెడ్‌కి పేరొచ్చింది. ఆ మరుసటి ఏడు నేను రిటైరయ్యాను.

నా అభిప్రాయం అడుగుతారా? స్కూళ్ళు బాగుపడే దారి ఇదొక్కటే, ఇప్పటికీ అదే అంటాను. టీచర్ తన క్లాసును తనే చూసుకోవాలి, కుదరనిది నలుగురిలో చెప్పుకోవాలి. పైనుంచి ఎన్ని కొత్త పథకాలు దింపినా కెల్లీలు కనపడరు. కానీ చెప్పుకునే ముందు, ఆ నలుగురిలో మీ ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. నన్నెవరైనా హెడ్‌ని చేసి ఉంటే, తప్పు చెప్పినవాళ్ళ మీద ఆ మాట వాడనని అందరి ముందూ ఒట్టేసి మొదలుపెట్టేదాన్ని. నన్ను ఎవరూ చేయలేదు, నేనూ అడగలేదు.

మిల్టన్ కీన్స్

హరిత ఏడాదిపాటు హనుమకొండలో తను చదివినటువంటి కాలేజీలోనే పనిచేసి, మళ్ళీ ఇక్కడ ఉద్యోగం సంపాదించుకుని వచ్చింది. మిల్టన్ కీన్స్‌లో ఒక స్కూలు. ఆ కబురు విని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. స్టేషన్‌కి కారు తెచ్చింది. ఒకేలా ఉండే ఆ రోడ్లమీద, ఒకదాని తర్వాత ఒకటి రౌండబౌట్లు తిప్పుతూ, చకచకా నడిపింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. బాగుంది.

స్కూల్లో మంచి పేరొచ్చిందట. ఎవరు చూడటానికి వచ్చినా క్లాసు నిశ్శబ్దంగా ఉంటుందట, స్లైడ్లు టైముకి అయిపోతాయట. కొత్తగా ట్రైనింగ్‌కి వచ్చే టీచర్లకు ఇప్పుడు హరితే గైడు. పిల్లలు మాట్లాడతారా అని అడిగాను. మామిడికాయ పప్పు వడ్డిస్తూ, "నేనే చెప్తున్న ఆంటీ. పీరియడంత" అంది. అని, ఇంకో గరిటె వేసింది.

భోజనం మధ్యలో ఆమె ఫోన్ మోగింది. ట్రైనింగ్‌లో ఉన్న ఒక తెలుగమ్మాయి. స్పీకర్లో పెట్టి చేయి కడుక్కోవడానికి లేచింది కాబట్టి నాకూ వినపడింది. ఆ రోజు పాఠం పూర్తిగా చెడిపోయిందట, పిల్లలు అసలు వినలేదట. వారం వారం రాసి ఇవ్వాల్సిన రిఫ్లెక్షన్‌లో ఉన్నదున్నట్టు రాయనా అక్కా అని అడుగుతోంది, ఏడుపు గొంతుతో.

"వద్దు. మంచిగనే అయింది అని రాయి" అంది హరిత. పిల్లలు గుర్తుపెట్టుకున్న ఒక సంగతి రాయమంది, బాగా తినమని, పడుకోమని చెప్పింది. ఫోన్ పెట్టేసి వచ్చి కూర్చుంది. నేను తినడం ఆపి తన వైపే చూస్తున్నాను.

"అట్ల చూడకుండ్రి ఆంటీ. ఆ పిల్లది గూడ వీసానే" అంది.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకూ పెద్దలకూ నిజం చెప్పమని చెప్పినదాన్ని. ఆ అమ్మాయి నా మాట వినకుండా హరిత మాట వింటే బాగుండునని అనుకున్నాను. ఏడుపొచ్చింది. పప్పులో కారం ఎక్కువైందేమో అని హరిత మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది. తనకు తెలుసు, కారం కాదని. అయినా అదే అంది, నేనూ అవునన్నాను.